మీడియం ట్యాంకు కొన్నా ఓడిపోతున్నా, అడ్వాన్స్ వార్స్‌లో ఇదేం లెక్క?

చివరి_టర్న్
నింటెండో స్విచ్ మీద టర్న్‌లవారీగా ఆడే యుద్ధం ఆట అడ్వాన్స్ వార్స్, దాని రీమేక్ రీ-బూట్ క్యాంప్‌లో మొదటి క్యాంపెయిన్ అయిపోయింది. ఇప్పుడు ఫ్రెండ్‌తో వర్సెస్ ఆడుతున్నా. ఇద్దరికీ కమాండర్ ఆండీయే, మ్యాప్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, శత్రువుని దాచే ఫాగ్ లేదు. సాకు చెప్పడానికి కూడా ఏమీ లేదన్నమాట.

నా పద్ధతి సింపుల్. మొదట్లో రెండు మూడు ఇన్‌ఫాంట్రీ దించి దగ్గర సిటీలు పట్టుకుంటా. తర్వాత డబ్బు కూడబెట్టి, 16,000 కాగానే మీడియం ట్యాంకు, ఆ వెంటనే ఇంకోటి. వాడేమో ప్రతి టర్న్‌లో పుట్టలోంచి చీమలు వచ్చినట్టు ఇన్‌ఫాంట్రీ దించుతూనే ఉంటాడు, మధ్యలో ఒక ఆర్టిలరీ. నా రెండు ట్యాంకులూ మ్యాప్ మధ్యకి చేరేసరికి ముందు వరసలో మనుషులు, వెనక ఫిరంగులు. రెండు రోజుల్లో నా బళ్ళు మాయం.

16,000 పెట్టిన బండి 1,000 మనిషి దగ్గర ఆగిపోవడం ఏంటండీ? ధరకి విలువ లేదా?

కాల్బలం
ధరకి విలువ ఉంది బ్రో, నువ్వు తప్పు వస్తువు ధర చూస్తున్నావు. ఇక్కడ అసలు ఖరీదైంది ఖాళీగా పడున్న బేస్.

ఒక బేస్‌లో ఒక టర్న్‌కి ఒకే యూనిట్ వస్తుంది. ఈ టర్న్ దాన్ని వాడకపోతే ఆ అవకాశం పోయినట్టే, రేపు రెండు దించుతానంటే కుదరదు. నీకు ఐదు ప్రాపర్టీలు (సిటీలు, బేస్‌లు లాంటివి) ఉన్నాయనుకో, రోజుకి 5,000. మీడియం ట్యాంకు డబ్బు చేతికి రావాలంటే నాలుగో రోజు దాకా ఆగాలి. ఆ లోపు నీ ఫ్రెండ్ బేస్‌లు ఒక్కరోజు కూడా ఖాళీగా లేవు.

ఆ దించిన ఇన్‌ఫాంట్రీ ఏం చేస్తుందో చూడు. సిటీ పట్టుకోవాలంటే దాని 20 పాయింట్లు తగ్గించాలి. పది హెచ్‌పీ (యూనిట్ ప్రాణం) ఉన్న ఇన్‌ఫాంట్రీ రోజుకి పది తగ్గిస్తుంది, రెండు రోజుల్లో సిటీ మనది. తర్వాతి టర్న్ మొదలవగానే ఆ సిటీ 1,000 చేతిలో పెడుతుంది. అంటే ఇన్‌ఫాంట్రీ ఖర్చు ఒక్కరోజులో తీరిపోయింది, అక్కణ్ణుంచి ఆట అయ్యేదాకా వచ్చేదంతా లాభమే. పదో రోజుకి వాడి ఆదాయం నీకంటే మూడు నాలుగు వేలు ఎక్కువుంటే ఇంక నువ్వు ఎంత పెద్ద బండి కొన్నా వాడు దానికి విరుగుడు కొనగలడు.

ఇక నీ ట్యాంకు "ఆగిపోవడం" సంగతి. మీడియం ట్యాంకు ఇన్‌ఫాంట్రీని 105 శాతం కొడుతుంది, నిజమే, కానీ అది రోడ్డు మీద నిలబడ్డవాడిని. అదే ఇన్‌ఫాంట్రీ సిటీలో ఉంటే మూడు నక్షత్రాల రక్షణ, దెబ్బ 73 దగ్గర పడుతుంది. మూడు హెచ్‌పీతోనైనా వాడు అక్కడే అడ్డంగా నిలబడతాడు. నీ టర్న్ అయిపోయింది. ఇప్పుడు రెండు ఆర్టిలరీలు చెరో 45 వేస్తాయి. నీకు మిగిలేది ఒకటో రెండో హెచ్‌పీ. నువ్వు పడగొట్టబోయింది 1,000 సరుకు, పోగొట్టుకుంది 16,000.

మేఘమాల
కాల్బలం గారు చెప్పింది రైటే గానీ "ఎప్పుడూ ఇన్‌ఫాంట్రీయే" అని అర్థం చేసుకోకండి. సిటీలన్నీ ఎవరివి వాళ్ళకి పంచుకోవడం అయ్యాక ఇన్‌ఫాంట్రీ వరదకి పెద్ద పని ఉండదు. అప్పుడు ఇన్‌ఫాంట్రీ గోడ మాత్రమే. ఆ గోడ వెనక ఏం పెట్టామన్నదే ఆట.

నాలుగు_నక్షత్రాలు
నేను ఇంకో కోణం చెప్తా. మీ ఇద్దరిలో ముందు దెబ్బ ఎవరు వేస్తున్నారు?

ఈ ఆటలో దెబ్బ బలం యూనిట్‌కి మిగిలిన హెచ్‌పీని బట్టి ఉంటుంది. ఉదాహరణకి మామూలు ట్యాంకు, 7,000ది. శత్రువు ట్యాంకు రోడ్డు మీద ఉంది, నువ్వు అడవిలోంచి కొట్టావు. 55 శాతం పోయింది, తెర మీద దానికి 5 అని కనిపిస్తుంది, లక్ కలిసొస్తే 4. ఆ సగం ప్రాణంతోనే అది తిరిగి కొట్టాలి, పైగా నీకు అడవి ఇచ్చే రెండు నక్షత్రాలు అడ్డం. నీకు పోయేది రెండు హెచ్‌పీ. అంటే ఒకే ధర, ఒకే బండి, కానీ ఎనిమిదికి ఐదు. ఇదే పోరు వాడు ముందు కొడితే తిరగబడుతుంది.

కాబట్టి ట్యాంకు ఆరు గడులు నడుస్తుందంటే దాని దెబ్బ ఏడో గడి దాకా అని లెక్క. ఆ ఏడు గడుల గీత లోపల ముందు అడుగు పెట్టినవాడు నష్టపోతాడు. అందుకే మంచి ఆటగాళ్ళ మ్యాచ్ చూస్తే చాలాసేపు ఎవరూ ఎవరినీ కొట్టరు. ఒక గడి ముందుకి, ఒక గడి వెనక్కి. చూసేవాళ్ళకి విసుగు, ఆడేవాళ్ళకి చెమటలు. ఆ గీత దాటించడానికే ఎర కావాలి. 1,000కి దొరికే ఎర ఇన్‌ఫాంట్రీ. మీ ఫ్రెండ్ మీకు వేస్తున్నది అదే, మీరు రోజూ మింగుతున్నారు.

అడవిలోకి వెళ్ళడానికి ట్యాంకుకి రెండు మూవ్‌మెంట్ ఖర్చు, రికాన్ లాంటి చక్రాల బండికి మూడు. అది కూడా లెక్కలో పెట్టుకోండి. అడవి దగ్గర్లోనే కనిపిస్తుంది, టర్న్ చివరికి మాత్రం దాని అంచున మైదానంలో మిగిలిపోతాం.

గుండ్లవర్షం
ఇంత లెక్క ఎందుకు స్వామీ. ఇరుకు దారి చూడు, నాలుగు ఆర్టిలరీలు పెట్టు, ముందు రెండు మెక్‌లు (బజూకా పట్టిన సైనికులు) నిలబెట్టు. వచ్చినవాడు వచ్చినట్టే పోతాడు. ఆర్టిలరీ ట్యాంకుని 70 కొడుతుంది, తిరుగుదెబ్బ ఉండదు. 6,000కి ఇంతకంటే మంచి బేరం ఈ ఆటలో లేదు.

మేఘమాల
గుండ్లవర్షం గారూ, మీతో ఆడాలనుంది 😄 మీ నాలుగు ఆర్టిలరీల మీదకి నా బ్యాటిల్ కాప్టర్ వస్తుంది. 9,000. మీ ఆర్టిలరీ గాల్లో ఉన్నదాన్ని కొట్టలేదు, కదిలిన టర్న్‌లో కాల్చలేదు, పక్కకొచ్చి కొడితే తిరిగి కొట్టలేదు. ఒక్కో దెబ్బకి 65 చొప్పున ఒక్కోదాన్నీ తినేస్తా.

గుండ్లవర్షం
పక్కనే యాంటీ ఎయిర్ ఉంటుంది కదా. మీ కాప్టర్‌ని 120 కొడుతుంది. ఒక్క దెబ్బ, బూడిద.

మేఘమాల
8,000 దానికి పెట్టారన్నమాట. నేను ట్యాంకు తెస్తా, యాంటీ ఎయిర్‌ని 65 కొడుతుంది, అది నన్ను 25 కొడుతుంది. ఇక మీ నాలుగు ఆర్టిలరీలు పెట్టిన ఇరుకు దారి తప్ప మిగతా మ్యాప్ అంతా నాదే, ఆ డబ్బు కూడా నాదే.

చివరి_టర్న్ గారు గమనించాల్సింది ఇదే. ట్యాంకు యాంటీ ఎయిర్‌ని తింటుంది, యాంటీ ఎయిర్ కాప్టర్‌ని, కాప్టర్ ట్యాంకుని. ఈ మూడూ 7 నుంచి 9 వేల మధ్యలోనే. మధ్య ఆట అంతా ఈ చక్రంలో తిరుగుతుంది, మీడియం ట్యాంకు దాకా రానవసరం లేదు. యాంటీ ఎయిర్ ఇన్‌ఫాంట్రీని కూడా 105 కొడుతుంది, అంటే మీ ఫ్రెండ్ గోడని కూల్చడానికి సగం ధరలో మీడియం ట్యాంకంత పని చేస్తుంది. మొదట అది కొని చూడండి.

పాత_కార్ట్రిడ్జ్
ఈ థ్రెడ్ చూసి ఆగలేకపోయాను. మీరంతా స్విచ్ మీద ఆడుతున్నారు, నేను గేమ్ బాయ్ అడ్వాన్స్ మీద ఆడినవాణ్ణి. వెలుగు లేని తెర, దీపం కింద కూర్చుని గడులు లెక్కపెట్టుకోవడం.

ఈ ఆట కథ కూడా విచిత్రమైనది. ఇంటెలిజెంట్ సిస్టమ్స్ వాళ్ళు 1988లోనే నింటెండో పాత గేమ్ మెషిన్ ఫామికామ్ మీద ఫామికామ్ వార్స్ చేశారు. బేస్, సిటీ, 1,000 ఆదాయం, ఇన్‌ఫాంట్రీ పట్టుకోవడం, ఈ ఎముకల గూడు అప్పటిదే. 1991లో గేమ్ బాయ్ వార్స్, 1998లో సూపర్ ఫామికామ్ వార్స్. ఇవన్నీ జపాన్‌లోనే ఉండిపోయాయి. బయటి ప్రపంచానికి మొదటిసారి వచ్చింది 2001లో, అడ్వాన్స్ వార్స్ పేరుతో. అమెరికాలో విడుదలైన తేదీ చూడండి: సెప్టెంబర్ 10. మర్నాడు ఏం జరిగిందో అందరికీ తెలిసిందే. యూరప్‌లో విడుదల 2002 జనవరికి జరిగింది. జపాన్‌లో అయితే ఆట ఆగిపోయింది, 2004 నవంబర్‌లో మొదటి భాగం, రెండో భాగం కలిపి ఒకే కార్ట్రిడ్జ్‌లో ఇచ్చారు. సొంత దేశంలో మూడేళ్ళు ఆలస్యం.

మళ్ళీ ఇరవై ఏళ్ళకి అదే. వేఫార్వర్డ్ వాళ్ళు చేసిన రీ-బూట్ క్యాంప్ 2021 డిసెంబర్‌లో రావాలి. 2022 ఏప్రిల్‌కి వాయిదా. ఈలోగా ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది, నింటెండో దాన్ని తేదీ చెప్పకుండా ఆపేసింది. చివరికి 2023 ఏప్రిల్ 21న వచ్చింది. రంగురంగుల బొమ్మ ట్యాంకులు, నవ్వుకుంటూ మాట్లాడే కమాండర్లు, కానీ రెండుసార్లూ బయట నిజం యుద్ధం అడ్డొచ్చింది.

ఇంకో మాట. రీమేక్‌లో నాకు నచ్చినవి వేగంగా నడిపే బటన్, క్లాసిక్ అని విడిగా ఒక కష్టం స్థాయి. నచ్చనిది ఆన్‌లైన్. ఫ్రెండ్ లిస్టులో ఉన్నవాళ్ళతో తప్ప కొత్తవాళ్ళతో ఆడే దారి లేదు. 2008లో నింటెండో డీఎస్ మీద వచ్చిన ఇదే సిరీస్ ఆట డేస్ ఆఫ్ రూయిన్‌లో అప్పట్లో కొత్తవాళ్ళతో ఆడగలిగేవాళ్ళం, సొంత మ్యాప్‌లు పంచుకోగలిగేవాళ్ళం. పదిహేనేళ్ళ తర్వాత వెనక్కి నడిచారు.

బూడిద_సూర్యుడు
డేస్ ఆఫ్ రూయిన్ పేరు ఎవరో ఎత్తితే గానీ రాకూడదని కూర్చున్నా. చివరి_టర్న్, నీ గోల డిజైనర్లకి ఎప్పుడో వినిపించింది. ఆ ఆటలో ఇన్‌ఫాంట్రీ ధర 1,500కి పెంచారు, మెక్ ధర 3,000 నుంచి 2,500కి, మీడియం ట్యాంకు ధర 16,000 నుంచి 12,000కి తగ్గించారు. పాత 16,000 స్థానంలో వార్ ట్యాంకు పెట్టారు. అంటే మనుషుల వరద ఖరీదైంది, పెద్ద బండి అందుబాటులోకి వచ్చింది. ఒక్క ధరల పట్టిక మార్చేసరికి ఆట నడకే మారిపోయింది.

ఇక సీవోల (కమాండర్ల) సంగతి. అక్కడ సీవో ఆకాశంలోంచి ఉల్కలు కురిపించడు. ఏదో ఒక యూనిట్‌లో ఎక్కుతాడు, చుట్టూ కొన్ని గడుల వరకే అతని ప్రభావం. శత్రువుని పడగొట్టిన యూనిట్‌కి ర్యాంకు పెరుగుతుంది. సిరీస్‌లో అన్నిటికంటే నిజాయితీగా తూకం వేసిన ఆట అదే. రాసిపెట్టుకోండి.

కాల్బలం
తూకం బాగుంది, ఉప్పు లేదు. అందరూ బూడిద రంగు బట్టలేసుకుని ఏడుస్తూ ఉంటారు.

బూడిద_సూర్యుడు
ఉల్క పడి మనుషుల్లో ఎక్కువమంది పోయాక నవ్వుతూ తిరగాలా?

పాత_కార్ట్రిడ్జ్
ఆ గొడవకి వేరే థ్రెడ్ తెరవండి బాబూ. అయితే ఒక్కటి ఒప్పుకోవాలి, మొదటి ఆటలో స్టర్మ్ అనే సీవో వేసే ఉల్క ఒక్కటి పడితే చుట్టుపక్కల ఉన్న ప్రతి యూనిట్‌కీ ఎనిమిది హెచ్‌పీ పోయేది. దాన్ని తూకం అనలేం.

నాలుగు_నక్షత్రాలు
సీవోల మాట వచ్చింది కాబట్టి, చివరి_టర్న్, ఫ్రెండ్‌తో ఆండీ మానేసి ఒకసారి సామీతో ఆడండి. పట్టుకోవడంలో ఆమె మనుషులు ఒకటిన్నర రెట్లు. అందరూ "పదికి పదిహేను, కానీ ఎలాగూ రెండు రోజులే కదా, లాభం ఏంటి" అంటారు. లాభం దెబ్బ తిన్నవాళ్ళ దగ్గర తెలుస్తుంది. ఏడు హెచ్‌పీ ఉన్న మామూలు ఇన్‌ఫాంట్రీ ఏడేడు పద్నాలుగు, మూడో రోజు కూడా కావాలి. సామీ మనిషి ఏడు హెచ్‌పీతో రోజుకి పది, రెండు రోజుల్లో పని ముగుస్తుంది. సరిహద్దు సిటీల దగ్గర కొట్లాటంతా ఏడు హెచ్‌పీ మనుషులతోనే జరుగుతుంది. ఆ ఒక్కరోజు తేడాకి సిటీ చేతులు మారుతుంది, ఎందుకంటే పట్టుకుంటున్నవాడు చచ్చినా కదిలినా ఆ సిటీ మళ్ళీ 20కి వెళ్ళిపోతుంది.

గుండ్లవర్షం
గ్రిట్ ఉండగా సామీ ఎందుకు. ఆర్టిలరీకి ఒక గడి అదనపు దూరం. నమస్కారం.

మేఘమాల
అందుకే కదా బ్రౌజర్‌లో ఆడే అడ్వాన్స్ వార్స్ బై వెబ్‌లో పోటీలాడేవాళ్ళు కొంతమంది సీవోలని పక్కన పెట్టేస్తారు. గ్రిట్, కోలిన్, హాచీ పేర్లు ఆ జాబితాలో ఎప్పుడూ వినిపిస్తాయి. కోలిన్‌కి అన్నీ ఇరవై శాతం తక్కువ ధరకి, ఇన్‌ఫాంట్రీ 800. యూనిట్లు బలహీనమే, కానీ ఈ ఆటలో చవగ్గా దొరకడం కంటే పెద్ద బలం లేదు. కాన్బేకి సరిగ్గా తిరగేసి, ఇన్‌ఫాంట్రీయే 1,200, ఒక్కొక్కరూ రాక్షసులు. చిన్న మ్యాప్‌లో కాన్బే భయపెడతాడు, సిటీలు ఎక్కువున్న పెద్ద మ్యాప్‌లో కోలిన్ ముంచేస్తాడు.

చివరి_టర్న్
అందరికీ థ్యాంక్స్. నిన్న మళ్ళీ ఆడాం. ఈసారి బేస్ ఒక్కటి కూడా ఖాళీగా వదల్లేదు. వాడు ఎప్పట్లాగే గోడ కట్టాడు. నేను మేఘమాల గారి మాట మీద యాంటీ ఎయిర్ రెండు, వెనక ఒక ఆర్టిలరీ. మధ్యలో ఉన్న వంతెన దగ్గర ఒక ఇన్‌ఫాంట్రీని కావాలనే ఒంటరిగా కొండ మీద వదిలా. వాడి ట్యాంకు దాని కోసం రోడ్డు మీదకి దిగింది. కొండకి నాలుగు నక్షత్రాలు, 75 దెబ్బ 45 అయింది, నా మనిషి 6 హెచ్‌పీతో బతికాడు. తర్వాత నా ఆర్టిలరీ ఒకటి వేసింది, వాడి ట్యాంకు రెండు హెచ్‌పీ. దాన్ని అదే కొండ మీది ఇన్‌ఫాంట్రీతో కొట్టిస్తే ఒక్కటే మిగిలింది, అక్కడ వాడి ముఖం చూడాలి.

గెలిచానా అంటే లేదు. పన్నెండో రోజుకి ఇద్దరి ఆదాయం సమానం, వాడు టీ-కాప్టర్‌లో (మనుషుల్ని మోసే హెలికాప్టర్) ఒక ఇన్‌ఫాంట్రీని నా వెనక అడవి పక్కన దించాడు. నేను ముందు వరసలో యుద్ధం చూసుకుంటూ ఉన్నా, వెనక హెడ్‌క్వార్టర్స్ పట్టేసుకున్నాడు. హెడ్‌క్వార్టర్స్‌కి కూడా 20 పాయింట్లేనా? అంత ముఖ్యమైనదానికి కనీసం నలభై పెట్టాలి కదా!

అయినా ఇంకో అనుమానం. ముందు ఆడేవాడికే ఎప్పుడూ లాభం కాదా? వాడే ఎప్పుడూ మొదటి టర్న్ తీసుకుంటాడు.

కాల్బలం
5,000 టీ-కాప్టర్, 1,000 మనిషి. ఆరు వేలకి యుద్ధం ముగించాడు. నీ ఫ్రెండ్ ఐడీ ఇవ్వు, మా గ్రూపులో కలుపుకుంటాం 😄

హెడ్‌క్వార్టర్స్ మీద ఎప్పుడూ ఒక మనిషిని నిలబెట్టక్కర్లేదు. రెండు రోజులు పడుతుంది కదా, పట్టుకోవడం మొదలైన టర్న్‌లోనే వెనక్కి వచ్చి కొట్టగలిగే దూరంలో ఏదో ఒకటి ఉండాలి. బేస్ దగ్గరుంటే కొత్తగా దించిన యూనిట్ ఆ టర్న్‌లో కదలదు, అది లెక్కలోకి రాదు.

నాలుగు_నక్షత్రాలు
మొదటి టర్న్ లాభం నిజమే. ముందు దించినవాడు ముందు నడుస్తాడు, మధ్య సిటీకి ముందు చేరతాడు, ఏడు గడుల గీత కూడా ముందు అతనే గీస్తాడు. పోటీ మ్యాప్‌లలో దీనికి విరుగుడుగా రెండోవాడికి మొదటే ఒక ఇన్‌ఫాంట్రీని మ్యాప్ మీద పెట్టి ఇస్తారు. రీ-బూట్ క్యాంప్‌లో మ్యాప్ డిజైన్ ఉంది కదా, మీరు ఆడే మ్యాప్‌నే మళ్ళీ గీసి, రెండో వైపు బేస్ మీద ఒకడిని పెట్టేయండి.

చివరి_టర్న్
అది చెప్తే ఒప్పుకుంటాడా అనేదే డౌట్. ఒప్పుకోకపోతే నేను ముందు ఆడతానంటా.

పాత_కార్ట్రిడ్జ్
ఒప్పుకోకపోతే ఫాగ్ పెట్టమనండి. ఫాగ్‌లో ఇన్‌ఫాంట్రీని కొండెక్కిస్తే చూపు మూడు గడులు పెరుగుతుంది, అడవిలో ఉన్నవాడు పక్క గడికి వస్తే గానీ కనబడడు. అప్పుడు టీ-కాప్టర్ సంగతి తెలియాలంటే వెనక కూడా ఒకడు కాపలా ఉండాల్సిందే. ముందు ఆడటం కంటే ముందు చూడటానికి విలువ పెరుగుతుంది. క్యాంపెయిన్‌లో సోన్యాతో ఆడిన మిషన్లు గుర్తు తెచ్చుకోండి.

గుండ్లవర్షం
ఫాగ్‌లో అడవిలో రాకెట్లు పెట్టు. ఐదు గడుల దూరం. నమస్కారం.

మేఘమాల
కానీ రాకెట్లకి సొంత చూపు ఒక్క గడే కదండీ. ముందు కొండ మీద మనిషి లేకపోతే మీ 15,000 అడవిలో గుడ్డిగా కూర్చుంటుంది.

గుండ్లవర్షం
మనిషికి 1,000. పెడతా.

కాల్బలం
చూశారా, చివరికి ఆర్టిలరీ భక్తుడు కూడా ఇన్‌ఫాంట్రీ కొంటున్నాడు. స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకున్నా.

చివరి_టర్న్
వాడు ఫాగ్‌కి ఒప్పుకున్నాడు, అదనపు మనిషికి ఒప్పుకోలేదు. శనివారం రాత్రి ఆడుతున్నాం, నేను సామీ, వాడు ఈగిల్ అంటున్నాడు. ఈగిల్ తన పవర్ (సీవోకి ఉండే ప్రత్యేక శక్తి) వాడితే ఇన్‌ఫాంట్రీ, మెక్ తప్ప మిగతావన్నీ అదే టర్న్‌లో రెండోసారి కదులుతాయట, నిజమేనా?

నాలుగు_నక్షత్రాలు
నిజమే. ఏడు గడుల గీతని ఆ రోజు పదమూడు అనుకోండి. అతని పవర్ మీటర్ నిండబోతుంటే ట్యాంకులు వెనక్కి లాగి, ముందు మనుషుల్ని మాత్రమే వదలండి. గోడ ఒక వరస కాదు, రెండు వరసలు కట్టండి, మొదటి కదలికలో ఒకటి పగిలినా రెండోది ఉండాలి.